తలుపుకి ఇవతల

మా అబ్బాయి కావాలనే వరస మధ్యలో సీట్లు తీసుకున్నాడు.

"టీవీలో ఈ సినిమా వచ్చినప్పుడల్లా చివర్లో లేచి వెళ్ళిపోతారు నాన్నా. ఈసారి ఎలా వెళ్తారో చూస్తాను," అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను. గుంటూరులో ఆ మ్యాట్నీకి వచ్చినవాళ్ళంతా వాడి కన్నా చిన్నవాళ్ళే. ఆ సినిమా మొదట వచ్చినప్పటికి వాళ్ళ అమ్మానాన్నలు కూడా పుట్టి ఉండరు. పాత బొమ్మని శుభ్రం చేసి, కొత్తగా విడుదల చేశారు. తెర మీద పేము కుర్చీ, దాని మీద వేలాడుతున్న తెల్లచొక్కా చెయ్యి కనపడగానే కాగితాలు చింపి పైకి ఎగరేశారు.

రేవులో మూటలు మోసే కూలీ చివరికి ఆ రేవునే గుప్పిట్లో పెట్టుకునే కథ అది. అతను ఎవరినీ తిట్టడు. గొంతు పెంచడు. నమ్మకద్రోహం చేసినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, పక్కనున్న మనిషితో మెల్లగా ఒకే మాట అంటాడు: "తలుపు వెయ్యి." తలుపు పడుతుంది. కెమెరా మాత్రం ఇవతలే ఉండిపోతుంది. లోపల ఏం జరిగిందో చూపించరు. మూసిన చెక్కల మీద బొమ్మ కాసేపు ఆగుతుంది, అంతే.

ఆ మాట దగ్గరికి వచ్చేసరికి హాలు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. "తలుపు వెయ్యి!" నా పక్కనున్న కుర్రాడు చెయ్యెత్తి మరీ అరిచాడు. ఆ చల్లటి హాల్లో నాకు ఎక్కణ్ణించో ఎండుమిరపకాయలు కాలుతున్న ఘాటు తగిలింది. గొంతులో దురద మొదలైంది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను.

మాది నల్లరేగడి ఊరు. ఒకపక్క పత్తి, ఒకపక్క మిరప, మెరక చేలల్లో పొగాకు. మాఘమాసం వచ్చేసరికి ఊరి చుట్టూ కల్లాలు ఎర్రగా పరుచుకునేవి. ఎండలో ఆ ఎరుపు వైపు ఎక్కువసేపు చూస్తే కళ్ళు మూసుకున్నా ఎర్రగానే కనపడేది. ఆడవాళ్ళు ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, తెల్లబడిన తాలుకాయల్ని ఏరి పక్కన పడేస్తుండేవాళ్ళు. ఊరంతా తుమ్ములే. కొత్తగా వచ్చిన కోడలు రెండు రోజులు ఆపకుండా తుమ్మితే, "ఇంకా మా ఊరు పట్టలా అమ్మాయికి," అని నవ్వేవాళ్ళు.

మధ్యాహ్నం పూట నాయనమ్మ అన్నం గంప నెత్తిన పెట్టుకుని కల్లానికి వచ్చేది. పండుమిరపకాయలూ చింతపండూ కలిపి తొక్కిన పచ్చడిని వేడన్నంలో వేసి, నెయ్యి పోసి కలిపి, ముద్దలు చేసి నా చేతిలో పెట్టేది. మీసాలు వచ్చే వయసులో కూడా నేను కంచంలో తినేవాణ్ణి కాదు. నాయనమ్మ ముద్దే కావాలి. మా అమ్మ, "వాడికి చేతులు లేవా అత్తయ్యా?" అనేది. "ఉంటే ఉన్నయ్లేవే. నాకూ ఉన్నయ్గా," అనేది నాయనమ్మ.

పంట చేతికి వచ్చే రోజుల్లోనే మా ఊరికి డేరా టాకీసు వచ్చేది. కోత అయిపోయిన చేలో గుంజలు పాతి, గుడారం వేసేవాళ్ళు. నేల టికెట్టు కొన్నవాళ్ళం ముందే వెళ్ళి ఇసక కుప్ప చేసుకుని, దాని మీద కూర్చునేవాళ్ళం. వెనకాల కూర్చున్నవాడు, "ఒరేయ్, ఆ మిట్ట కొంచెం తగ్గించరా, మాకు హీరో కాళ్ళే కనపడుతున్నయ్," అని అరిచేవాడు. వేరుశనక్కాయల తొక్కలు, సోడాల చప్పుడు, బీడీల పొగ, చొక్కాలకి పట్టిన మిరప ఘాటు. ఇప్పటికీ నాకు సినిమా అంటే ఆ వాసనే.

ఆ ఏడు డేరాలో ఆడిన మొదటి బొమ్మ ఇదే. మొదటి రోజు మేం వెళ్ళలేదు. ఆ రోజే గొడవ జరిగింది. చివరి రీల్లో అతను చనిపోయాడట. కల్లాల మీద నుంచి తిన్నగా వెళ్ళిన మగవాళ్ళు ఊరుకోలేదు. తెర మీదకి మట్టిగడ్డలు విసిరారు. గుంజలు ఊపారు. అందులో మా బాబాయి ముందున్నాడు. మర్నాడు కల్లంలో కాయలు తిరగేస్తూ మా నాన్నతో గొప్పగా చెబుతుంటే నేను విన్నాను.

"మనోడు చస్తే ఊరుకుంటామా అన్నయ్యా? ఆ డేరా ఓనరు దణ్ణం పెట్టాడు. రేపట్నించీ చావడండీ, నాదీ పూచీ అన్నాడు."

అన్నట్టుగానే ఆ రాత్రి నుంచి చివరి రీలు తీసేశారు. ద్రోహిని గదిలోకి పంపి, తలుపు వేయించి, అతను ఒంటరిగా రేవు గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళేదాకా చూపించి, అక్కడ శుభం కార్డు వేసేవాళ్ళు. జనం ఈలలు వేసుకుంటూ ఇళ్ళకి పోయేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆ సినిమా అంతవరకే. మా ప్రాంతంలో అతను చావలేదు.

నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మా నాన్న తెల్లచొక్కా వేసుకుని, బోర్లించిన మిరప గంప మీద కాలు మీద కాలేసుకుని కూర్చునేవాణ్ణి. నాకు ముగ్గురు మనుషులు. ఇద్దరు మా పక్కింటి అన్నదమ్ములు. మూడోవాడు ఊరి బయట పాలెంలో చర్చి చూసుకునే ఉపదేశి గారి అబ్బాయి. మా తరగతిలో లెక్కలు వాడికొక్కడికే వచ్చేవి. నాకు చెప్పి పెట్టేవాడు. ఆటలో వాడు నాకు కుడిభుజం. నేను మెల్లగా "తలుపు వెయ్యి" అంటే, వాడు లేని తలుపుని రెండు చేతులతో మూసేవాడు. కిర్రుమనే చప్పుడు కూడా నోటితోనే చేసేవాడు.

కానీ వాడు మొదటి రోజు సినిమా చూశాడు. వాళ్ళ మేనమామతో వెళ్ళాడు, ఉపదేశి గారికి తెలియకుండా.

"అతను చచ్చిపోతాడ్రా," అన్నాడు ఒకరోజు మామూలుగా, జామకాయ కొరుకుతూ. "అదే గదిలో. ఆ కుర్చీలోనే. జారి పడతాడు. ఎడమ కాలి చెప్పు ఊడిపోద్ది. ఎవుడూ తీసి ఇవ్వడు."

"ఏడిశావులే. చావడు," అన్నాను.

"నేను చూశాన్రా బాబూ."

"నువ్వొక్కడివే చూశావా? ఊరంతా చూసింది. చావలా."

"ఊరు చూసింది సగమే గదరా!"

అన్నదమ్ములిద్దరూ నవ్వారు, వాడి మీద కాదు, నా మీద. అది నాకు తగిలింది. వాడు చెప్పింది నిజమని నాకు తెలుసు. బాబాయి నోట నా చెవులతో నేనే విన్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు ఆ రోజూ లేదు, ఈ రోజూ లేదు.

మా కల్లానికి ఆవలగా పొగాకు కాల్చే బ్యారన్ ఉండేది. నిట్టనిలువు మట్టిగోడలు, కిటికీ లేదు, ఒకటే తలుపు. ఆ ఏడు మేం పొగాకు వెయ్యలేదు కనక ఖాళీగా ఉంది. మర్నాడు మధ్యాహ్నం కూలీలు చెట్ల కింద అన్నాలు తింటున్నప్పుడు నేను విచారణ పెట్టాను. వాడు నవ్వుతూనే వచ్చాడు. "ద్రోహి నేనేనా ఇవాళ?" అని తనే లోపలికి నడిచాడు. నేను మెల్లగా అన్నాను, "తలుపు వెయ్యి." వెయ్యడానికి వాడు లోపల ఉన్నాడు కాబట్టి నేనే వేశాను. గడియ పెట్టాను.

మా వైపు మొండికేసిన పిల్లల్ని మిరపకాయల పొగ పెడతానని బెదిరించడం ప్రతి ఇంట్లో ఉన్నదే. పెద్దవాళ్ళు అంటారు గానీ పెట్టరు. నేను కుండపెంకులో కూలీల పొయ్యి నుంచి నిప్పులు తెచ్చి, రెండు గుప్పిళ్ళ కాయలు వేసి, తలుపు కిందుగా లోపలికి తోశాను.

"చావలేదని చెప్పు. తీస్తాను," అన్నాను. గొంతు పెంచలేదు. సినిమాలో లాగే.

"ఇదేంట్రా! ఒరేయ్, పొగ!"

"చావలేదని చెప్పు."

"చచ్చిపోయాడ్రా. నేను చూశాను." దగ్గు. "చెప్పు కూడా ఊడిపోయింది." మళ్ళీ దగ్గు, తలుపు మీద అరచేతులు. "తియ్యరా, కళ్ళు మండుతున్నయ్. ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను."

"ఒక్క మాట. చెప్పు."

"అబద్ధం ఎట్టా చెప్పమంటావురా?"

తలుపు సందుల్లోంచి వచ్చిన ఘాటుకి నా కళ్ళే కారిపోతున్నాయి. అన్నదమ్ముల్లో పెద్దవాడు నా చొక్కా పట్టుకుని లాగాడు. "తీసెయ్ రా, చస్తాడు." చిన్నవాడు ఏడుపు మొదలుపెట్టాడు. "చావడు," అన్నాను. ఆ మాట నేను ఎవరి గురించి అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. వాళ్ళిద్దరూ పారిపోయారు.

లోపల దగ్గు చిన్నదైంది. తలుపు మీద చేతుల చప్పుడు కిందకి, ఇంకా కిందకి జారింది. తర్వాత ఏమీ లేదు.

నా చెయ్యి గడియ మీదే ఉంది. తియ్యడానికి బలం అక్కర్లేదు. పైకి లేపి పక్కకి లాగితే చాలు. చెవి తలుపుకి ఆనించాను. ఊపిరి వినపడుతుందేమోనని చూశాను. దూరంగా కూలీల నవ్వులు తప్ప ఏమీ వినపడలేదు. వాడు పడిపోయాడని అర్థమైంది. అయినా తియ్యలేదు. తీస్తే నేను ఓడిపోయినట్టు. మరోసారి అడిగి అప్పుడు తీద్దామనుకున్నాను. అడిగాను కూడా. జవాబు రాలేదు. ఇంకొకసారి అడుగుదామని నోరు తెరిచాను.

అప్పుడు నాయనమ్మ వచ్చింది. గట్టు దిగుతూనే ఘాటు పట్టేసింది. "ఎవడ్రా అది! లోపల ఎవడ్రా!" అని అరుస్తూ అన్నం గంప నేల మీదకి వదిలేసి పరిగెత్తింది. నన్ను భుజంతో ఒక్క తోపు తోసి, గడియ లాగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి దూరింది. వాణ్ణి చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చింది. గంపలో తెచ్చిన మజ్జిగంతా వాడి కళ్ళ మీద, ముఖం మీద పోసింది. పాలెం పిల్లాడు పక్క నుంచి నడిస్తే కొంగు సర్దుకునే మనిషి, వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని వీపు నిమిరింది. వాడు ఒక్కసారి ఊపిరి లాగి, వాంతి చేసుకుని, ఏడ్చాడు. కళ్ళు తెరుచుకోవడానికి కాసేపు పట్టింది. అప్పటికి నేను నీళ్ళచెంబు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను.

నాయనమ్మ నా వైపు చూసింది. అంతే.

సాయంత్రం ఉపదేశి గారు కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అరుగు దగ్గర నిలబడ్డాడు. వాడి కళ్ళు వాచి గీతల్లా ఉన్నాయి. మా నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాబాయి పక్కన.

"ఏరా, పొగ పెట్టింది నువ్వేనా?" అన్నాడు నాన్న.

ఏం చెప్పాలో నేను ముందే ఆలోచించి పెట్టుకోలేదు. నోరు తెరవగానే అదే వచ్చింది, మెల్లగా, తడబడకుండా. "పెట్టింది నేను కాదు. ఆ అన్నదమ్ములు పెట్టి పారిపోయారు. వీడు దగ్గుతుంటే నేనే వెళ్ళి తలుపు తీశాను."

"అబద్ధమండీ," అన్నాడు వాడు. "పెట్టింది వీడే. చెప్పు, చెప్పు అని అడిగింది వీడే."

"ఏం చెప్పమన్నాడ్రా?"

"సినిమాలో ఆయన చావలేదని చెప్పమన్నాడండీ."

అరుగు మీద ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. బాబాయి తొడ చరిచాడు. "చావలేదుగా మరి! మేం చావనివ్వలేదుగా!"

ఆ నవ్వుల్లో ఉపదేశి గారు తిరిగి కొడుకు చెంప మీద కొట్టాడు. "నిన్ను బయటికి తీసినోడి మీదే చాడీలు చెప్తావా?" అన్నాడు. కొట్టిన ఆ చేతినే రెండో చేతితో కలిపి నా వైపు తిరిగాడు. "బాబూ, నీ మేలు మర్చిపోం."

వాడు ఏడవలేదు. ఆ వాచిన కళ్ళతో నన్ను చూడటానికి ప్రయత్నించాడు.

గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది. ఆవిడ పెదాలు కదిలాయి. మా నాన్న తల తిప్పి, "లోపలికి పో అమ్మా," అన్నాడు. గొంతు పెంచలేదు. నాయనమ్మ లోపలికి వెళ్ళిపోయింది. సినిమా చూసి మేం కొత్తగా నేర్చుకున్నదేమీ లేదని నాకు తర్వాత ఎప్పటికో తెలిసింది. ఆ గొంతు మా ఇంట్లో ముందు నుంచీ ఉంది. తెర మీద దాన్ని గుర్తుపట్టి ఈలలు వేశాం, అంతే. ఇవాళ ఈ పిల్లలు వేసే ఈలలూ అందుకేనేమో. అరవకుండా ఎదుటివాణ్ణి వణికించే మనిషిని చూస్తే, ఆ కుర్చీలో తను కూర్చున్నట్టు ఊహించుకోని మగవాడు నాకింతవరకూ కనపడలేదు. తలుపుకి ఆవలివైపు తను ఉన్నట్టు ఊహించుకునేవాడూ కనపడలేదు.

ఆ రాత్రి మా అమ్మ నాకు దిష్టి తీసింది. ఊరందరి కళ్ళూ నా మీదే పడ్డాయని. గుప్పెడు ఎండుమిరపకాయలూ ఉప్పూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే తగలనట్టు. ఇల్లంతా ఘాటు కమ్మేసింది. దగ్గుతూ దగ్గుతూ కూలబడ్డాను.

"దిష్టేం లేదులే," అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"వాడికెందుకు తగులుద్దే?" అంది నాయనమ్మ మూల నుంచి.

మర్నాడు కల్లంలో నాయనమ్మ నాకు కంచంలో అన్నం పెట్టింది. పక్కన పచ్చడి వేసింది. నెయ్యి కూడా వేసింది. కలపలేదు. చెయ్యి చాచి కూర్చున్నాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని లేచి వెళ్ళింది. పోయేదాకా మళ్ళీ నాకు ముద్ద పెట్టలేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ ఏడు బడి తెరిచేసరికి వాణ్ణి కనిగిరి వైపు ఏదో హాస్టల్లో చేర్చారు. డేరా ఎత్తేశారు. ఆ చేలో దున్ని మళ్ళీ పత్తి పెట్టారు. తర్వాత నేను చదువుకున్నాను, పత్తి మిల్లులో మేనేజరుగా చాలాకాలం చేశాను. అక్కడ నేను ఎప్పుడూ అరవలేదని మంచి పేరు ఉంది. అరవకుండా ఎంతమందిని తలుపు బయట నిలబెట్టానో, ఇంట్లో మా ఆవిడ ఎన్ని మాటలు నోట్లోనే మింగేసిందో నాకు తెలుసు. టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా రేవు గట్టు మీద నడక దాకా చూసి లేచిపోయేవాణ్ణి. నా వరకూ అతన్ని చావనివ్వలేదు.

ఈసారి లేవలేకపోయాను. అటూ ఇటూ పిల్లల మోకాళ్ళు. గట్టు మీద నడక అయిపోయింది. శుభం పడలేదు. అతను తిరిగి అదే గదికి వచ్చాడు. పేము కుర్చీలో కూర్చున్నాడు. వచ్చినవాళ్ళని చూశాడు. ఎవరూ ఏమీ అనకుండానే అతని కుడిభుజం వెళ్ళి తలుపు వేశాడు. ఈసారి కెమెరా లోపలే ఉంది.

హాలు నిశ్శబ్దమైపోయింది. అతను మెల్లగా కుర్చీలోంచి జారాడు. ఎడమ కాలి చెప్పు ఊడి నేల మీద పడింది. ఎవరూ తీసి ఇవ్వలేదు.

మా అబ్బాయి కారు తేవడానికి వెళ్ళాడు. మెట్ల మీద ఎండలో నిలబడి ఫోను తీశాను. బడి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఉపదేశి గారి అబ్బాయి నంబరు ఎప్పటినుంచో ఉంది. మాస్టారుగా చేసి రిటైరై వేటపాలెంలో ఉంటున్నాడు. ఫొటోలో వాళ్ళ నాన్నలాగే ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఆ ఫొటో చూడటమే గానీ ఫోను చెయ్యలేదు.

"ఎవరండీ?"

ఊరి పేరు చెప్పాను. మా నాన్న పేరు చెప్పాను. అవతల కుక్కరు కూత ఒకటి వినపడింది.

"చెప్పు," అన్నాడు.

"సినిమా చూసొస్తున్నాను. చివరిదాకా. నువ్వు చెప్పినట్టే ఉందిరా. ఎడమ కాలిదే."

"అది చెప్పడానికేనా?"

"కాదు. ఆ రోజు పొగ పెట్టింది నేనే. అందరి ముందూ..."

"అది నాకు తెలియంది కాదుగా. నీ గొంతు విన్నాను. నాకు తెలియంది ఒకటుంది. మా నాన్న పోయేదాకా అనేవాడు. పొగ పెడితే పెట్టాడేమోరా, తలుపు మాత్రం తీశాడుగా, ఎంతైనా తీసిన పిల్లాడు అని. నాకు కళ్ళు తెరుచుకునేసరికి మీ నాయనమ్మ ఒళ్ళో ఉన్నాను, నువ్వు చెంబు పట్టుకుని ఉన్నావు. ఇన్నేళ్ళూ నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. భయపడి తీశావో, జాలిపడి తీశావో. తీసింది నువ్వేనా?"

అవునంటే వాడికీ సుఖం, నాకూ సుఖం. కాదని చెప్పడానికి నాయనమ్మ లేదు. ఒక్క మాట చాలు. అడిగింది వాడే, ఆ మాట ఇమ్మంటున్నదీ వాడే. వెనకాల తరవాతి ఆటకి జనాన్ని లోపలికి వదులుతున్నారు.

"కాదురా," అన్నాను. "నాయనమ్మ తీసింది. నేను గడియ మీద చెయ్యేసి నిలబడి ఉన్నాను."

వాడు ఫోను పెట్టెయ్యలేదు. ఎదురుగా కారు ఆపి మా అబ్బాయి హారన్ కొట్టాడు. ఆగమని చెయ్యి ఊపి, ఫోనుని చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాను. ఆ రోజు తలుపుకి చెవి ఆనించి ఎంత విన్నా వినపడని ఊపిరి, ఇప్పుడు వినపడుతోంది. వింటూ నిలబడ్డాను.